ఎండీవర్ వచ్చింది, గుర్రపుడెక్క పోలేదు

మా ఊరి మురుగు కోడులో గుర్రపుడెక్క తీయించమని జూన్‌లో అర్జీ పెట్టుకున్నాం. ఆగస్టులో జవాబొచ్చింది. ఏ ఆఫీసు నుంచి అని అడక్కండి, వాళ్లకీ పెళ్లాం పిల్లలుంటారు. ఇంగ్లిషులో ఒకే ఒక్క వాక్యం: ఈ విషయంలో తాము 'ఎవ్రీ ఎండీవర్' చేస్తారట.

టీ బడ్డీ దగ్గర రిటైరైన మేష్టారు పైకి చదివి వినిపించారు. కౌలు చేసుకునే మా బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎండీవరంటే పెద్ద కారు కదండీ మేష్టారూ?"

"కాదయ్యా, ప్రయత్నం."

"అయితే కారే నయమండి. వస్తే కనబడుద్ది."

ఆ కారు చేసే ఫోర్డు కంపెనీ ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని 2021లోనే చెప్పేసింది. ఆఫీసుల ఎండీవర్ ఉత్పత్తి మాత్రం నిరాటంకం.

అసలు ఈ మాట ఎంచుకున్న గుమాస్తాకి సన్మానం చేయాలి. ఒక్క ప్రయత్నానికే ఇంగ్లిషులో బోలెడు మాటలున్నాయి మరి. ట్రై అని రాయొచ్చు. కానీ అది పాత ఫ్రెంచిలో ఏరడం, వేరుచేయడం అనే అర్థంలోంచి వచ్చిన మాట. మన ఆడవాళ్లు చేటలో బియ్యం పోసుకుని చేసే పనే. పని అయ్యాక చేటలో బియ్యమో రాళ్లో ఏదో ఒకటి కనబడాలి. ఆఫీసుకి అంత కంటే ప్రమాదం ఏముంది? ఎటెంప్ట్ అందామా, అది పోలీసు వాసన. భారతీయ న్యాయ సంహిత 109వ సెక్షన్ ప్రకారం హత్యకు ఎటెంప్ట్ చేస్తే పదేళ్ల దాకా జైలు. చంపబోయి చంపలేకపోయినవాడికి శిక్ష ఉంది. తవ్వబోయి తవ్వలేకపోయినవాడికి బిల్లు ఉంది. ఎండీవర్‌కి ఈ గొడవే లేదు. దాని పుట్టుకలో ఉన్నది ఫ్రెంచివాళ్ల 'కర్తవ్యం'. అంటే కర్తవ్యాన్ని నెత్తికెత్తుకోవడం. ఎత్తుకుంటే చాలు, దించి చూపించమని ఎవరూ అడగరు.

సెప్టెంబరులో ఆ ఎండీవర్‌ని కళ్లారా చూసే భాగ్యం కలిగింది. పొక్లెయిన్ వచ్చింది. దాని ముందు ఫ్లెక్సీ వచ్చింది. బకెట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మొదటి మొక్క తన చేత్తోనే తీస్తానని ఆఫీసరు గారు ముచ్చటపడ్డారు. కొత్త రబ్బరు బూట్లు, ఇంకా ధర చీటీ ఊడలేదు. వంగి ఒక కాడ పట్టుకుని లాగితే తెప్పంత డెక్క కదిలింది, దాంతోపాటు ఆయనా కదిలారు. ఇద్దరు బెల్టు పట్టుకుని ఆపారు. మొక్క వచ్చింది. చప్పట్లు. అప్పుడు ఫోటోగ్రాఫరు, "సార్, మొహం పడలేదండి, ఇంకోసారి" అన్నాడు. ఏం చేశారనుకున్నారు? తీసిన మొక్కని మళ్లీ నీళ్లలో పెట్టారు. మళ్లీ తీశారు. ఈసారి వెనకాల ఫ్లెక్సీ పడలేదు. మళ్లీ పెట్టారు. మూడుసార్లు తీసినా కోడులో ఒక్క మొక్కే తగ్గింది.

తర్వాత పొక్లెయిన్ పదకొండు బకెట్లు తీసి గట్టు మీదే పోసింది. డీజిల్ అయిపోయింది. రాత్రి వాన పడి ఆ పదకొండూ భద్రంగా స్వస్థలం చేరాయి. అనుకూలంగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది గుర్రపుడెక్క. దాన్ని మించి ఎండీవర్ చేసేవాళ్లు ఈ కథలో ఎవరూ లేరు.

అక్టోబరు వానలకి నీరు లాగలేదు. బాబాయ్ మూడెకరాల స్వర్ణ ఈనిక మీద మునిగింది. మునిగినా రెండు వారాలు ఓర్చుకునే స్వర్ణ సబ్-1 అనే రకాన్ని శాస్త్రవేత్తలు తెచ్చారు. వరి మొక్కకి ఊపిరి బిగపట్టడం నేర్పగలిగారు గానీ ఆఫీసుకి కోడు తవ్వడం నేర్పలేకపోయారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర గోదావరికే ఆనకట్ట కట్టేశాడు కాటన్. ఏటా మే 15న ఆయన విగ్రహానికి దండేసి వచ్చే చేతులకి ఒక కోడులో తూడు పీకడం రాదు!

ఆ రాత్రి బాబాయ్, ఇంకో నలుగురూ పీకల్లోతు నీళ్లలో దిగి కత్తులతో డెక్క కోశారు. నేను గట్టు మీద బ్యాటరీ లైటు పట్టుకున్నాను. తెల్లారేసరికి ఆయన అరిచేతులు నానిపోయి తెల్లగా, కాళ్లకి జలగలు. పొలం దక్కలేదు. పంటనష్టం రాయించుకుందామంటే పొలం ఆసామి పేరున ఉంది. స్ట్రగుల్ అనే మాట కూడా ఆ ఇంగ్లిషులోనే ఉందయ్యా గుమాస్తా గారూ! మీ ఉత్తరంలో అది రాయడానికి సిరా అయిపోయిందా? 2011లో కోనసీమ రైతులు సార్వా వేయం, క్రాప్ హాలిడే అన్నారు. ప్రయత్నం మానేస్తున్నామని బహిరంగంగా చెప్పే నిజాయితీ ఈ డెల్టాలో రైతుకే ఉంది.

మొన్న రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి ఆఫీసు 'స్ట్రైవ్' చేస్తోందట. మేష్టారు డిక్షనరీ తిరగేసి, పాత ఫ్రెంచిలో దీనికి తగువుపడటం అని అర్థమన్నారు.

బాబాయ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆయ్, ఆ ముక్క ముందే రాస్తే జూన్‌లోనే వచ్చేవాళ్లం కదండీ. ఆఫీసు ఎన్నింటికి తీస్తారంట?"