నిద్రమాత్ర 10 నుంచి 5కి: ఆడా మగా తేడా అంత ఉందా?

(అంశం: 2013 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జోల్‌పిడెమ్ అనే నిద్రమాత్ర మోతాదును ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది. ఔషధశాస్త్ర అధ్యాపకురాలికీ గణాంక నిపుణుడికీ మధ్య వాదం.)

అధ్యాపకురాలు: తగ్గించడం సబబే, కాకపోతే ఇరవై ఏళ్లు ఆలస్యం. 10 మి.గ్రా. వేసుకున్న ఎనిమిది గంటలకు కూడా రక్తంలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు దాటినవాళ్లు ఆడవాళ్లలో సుమారు 15 శాతం, మగవాళ్లలో 3 శాతం. పొద్దున్నే కారు నడపడానికి పనికిరాని స్థాయి అది.

గణాంక నిపుణుడు: మేడం, నూటికి 85 మంది ఆడవాళ్లు ఆ గీత దాటనేలేదు కదా. వాళ్లకూ సగమే ఇచ్చారు. దాటిన ఆ 3 శాతం మగవాళ్ల సంగతేంటి? వాళ్ల విషయంలో తక్కువతో మొదలుపెట్టడం ఆలోచించమని డాక్టర్లకు ఒక సూచన, అంతే!

అధ్యాపకురాలు: మోతాదు సగటు మనిషిని చూసి పెట్టరండీ, ప్రమాదం అంచున ఉన్నవాళ్లను చూసి పెడతారు. ఒకే మాత్రకు ఆడవాళ్ల రక్తంలో మందు దాదాపు 45 శాతం ఎక్కువ తేలుతుంది. బరువు తక్కువ కాబట్టే అంటారేమో, బరువు లెక్క సర్దినా తేడా పూర్తిగా పోలేదు.

గణాంక నిపుణుడు: రక్తంలో తేడాను నేను కాదనను. నడకలో, నడపడంలో తేడా ఎంతన్నదే నా ప్రశ్న. 2014లో ఇదే మందును పరిశీలించిన యూరప్ మందుల నియంత్రణ సంస్థ వాళ్లు 10 మి.గ్రా.నే ఉంచారు. వయసు మళ్లినవాళ్లకు సగం, ఆడా మగా భేదం లేదు. అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మగవాళ్లలో పి విలువ (మందుకు ప్రభావమే లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం; మామూలుగా 0.05 లోపుంటేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారు) 0.03, ఆడవాళ్లలో 0.12 వస్తే 'మందు మగవాళ్లకే పనిచేస్తుంది' అని రాసేస్తారు. ఆ రెండు అంకెలూ ఆడా మగా మధ్య తేడాను చెప్పవు. మోతాదు ప్రభావం ఆడా మగాల్లో ఎంత మారుతుందో కొలిచే అంశాన్ని గణాంక మోడల్‌లో పెట్టి, ఆ తేడానే పరీక్షించాలి. ప్రధాన ప్రభావమంత, అంటే అందరినీ కలిపి చూస్తే మందు చూపే ప్రభావమంత, తేడా పట్టాలంటే మనుషులు సుమారు నాలుగు రెట్లు కావాలి. 400 మందితో సరిపోయే ట్రయల్‌కి 1600. అంత డబ్బు ఎవరు పెడతారు?

అధ్యాపకురాలు: అమెరికాలో 1977 నుంచి 1993 దాకా పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లను తొలి దశ ట్రయల్స్‌లోకే రానివ్వలేదు. ఇప్పుడేమో మనుషులు చాలరంటున్నారు! నెలసరి వల్ల ఫలితాలు చెదురుతాయన్న సాకు కూడా నిలవలేదు. ఎలుకల మీద వచ్చిన 293 వ్యాసాలను 2014లో సమీక్షిస్తే, ఆడ ఎలుకల్లో చెదురు ఎక్కువేమీ లేదని తేలింది.

గణాంక నిపుణుడు: ట్రయల్స్‌లో ఆడవాళ్లను చేర్చుకోండి, ఆడా మగా అంకెలను రెండు వరుసల్లో విడిగా అచ్చేయండి. మాత్ర మాత్రం అందరికీ 5తోనే మొదలుపెట్టండి.

అధ్యాపకురాలు: నిద్ర పట్టక 10కి పెంచాల్సి వస్తే?

గణాంక నిపుణుడు: పొద్దున బండి తీస్తారా అని ముందు అడగాలి. మగవాళ్లనూ అడగాలి.