రాకడ తేదీ తప్పితే మారాల్సింది తేదీ ఒక్కటేనా?

ఇజ్రాయెల్ చుట్టుపక్కల ఎక్కడ బాంబు పడినా తెల్లారేసరికి తెలుగు యూట్యూబ్‌లో ఒక రకం వీడియోలు దిగిపోతాయి. వెనక మంటలు, ముందు పశ్చిమాసియా పటం, పైన "యెహెజ్కేలు 38 నెరవేరుతోందా?" అని పసుపు అక్షరాలు. ఇజ్రాయెల్ మీదికి వచ్చే దండయాత్ర గురించి చెప్పే బైబిలు అధ్యాయం అది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడూ ఇదే వరస. అదే ఏడాది సెప్టెంబరులో వ్యవహారం ఇంకాస్త ముదిరింది. యూదుల కొత్త సంవత్సరం పండగ వేళ, 23 లేదా 24న, సంఘం ఎత్తబడుతుందని, అంటే రాకడలో (క్రీస్తు రెండో రాకలో) విశ్వాసులు ఆకాశానికి కొనిపోబడతారని, దక్షిణాఫ్రికాలో ఒకాయన చెప్పిన మాట టిక్‌టాక్‌లో ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర టిక్‌టాక్ లేదు గానీ, రీల్స్‌కి అడ్డేముంది? ఆ రెండు రోజులూ మామూలుగానే గడిచిపోయాయి.

తేదీ చెప్పేవాళ్లను మన పాస్టర్లలో చాలామంది గట్టిగానే ఖండిస్తారు. "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు తండ్రి మాత్రమే గాని" మరెవరూ ఎరుగరన్న మత్తయి 24:36 చదివి, నమ్మొద్దంటారు. అంతవరకు బాగుంది. చిక్కు ఆ తర్వాతే. తేదీని చెరిపేసి, ఆ తేదీని మోసిన పటాన్ని మాత్రం గోడమీదే ఉంచుతారు. ముందు సంఘం ఎత్తబడుతుంది, తర్వాత ఏడేళ్ల మహాశ్రమలు, క్రీస్తు విరోధి పాలన, హార్మెగిద్దోను యుద్ధం, ఆపైన వెయ్యేళ్ల రాజ్యం. కన్వెన్షన్లలో, బైబిల్ స్టడీల్లో ఈ వరసను చార్టు వేసి మరీ చెబుతారు. బైబిలు చెప్పేది ఇదేనంటారు. ఇది ఒక వ్యాఖ్యాన పద్ధతి అని, దాని వయసు రెండు వందల ఏళ్లకు మించదని, అంతకు ముందు పదిహేను వందల ఏళ్లకు పైగా క్రైస్తవ లోకంలో ఎక్కువమంది వేరేలా చదివారని చెప్పేవాళ్లు తక్కువ. నా అభ్యంతరం అక్కడే.

ఈ లెక్కలు ఎలా పుడతాయో చూడాలంటే అమెరికాలో విలియం మిల్లర్ కథను మించినది లేదు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో రైతు, 1812 యుద్ధంలో పనిచేసిన కెప్టెన్. యుద్ధం తర్వాత బాప్టిస్టు విశ్వాసంలోకి తిరిగొచ్చి, బైబిలును వరసగా, ఒక్కో వచనం దగ్గరా ఆగి చదివాడు. దానియేలు 8:14లో రెండువేల మూడువందల దినముల తర్వాత పరిశుద్ధ స్థలం పవిత్రమవుతుందని ఉంది. మిల్లర్ ఇక్కడ దినమంటే సంవత్సరమన్నాడు. దీనికి సంఖ్యాకాండము 14:34, యెహెజ్కేలు 4:6 ఆధారం. నలభై దినాలకు నలభై ఏళ్ల శిక్ష అని ఒకచోట, దినానికి ఒక సంవత్సరమని మరోచోట ఉంది. ఇక ఎక్కడి నుంచి లెక్క పెట్టాలి? యెరూషలేముకు తిరిగివెళ్లే ఎజ్రాకు అర్తహషస్త రాజు ఆజ్ఞాపత్రం ఇచ్చిన క్రీ.పూ. 457 నుంచి. 2300లోంచి 457 తీసేస్తే 1843. క్రీస్తు పూర్వానికీ క్రీస్తు శకానికీ మధ్య సున్నా సంవత్సరం లేదు కాబట్టి 1844.

లెక్కలో కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. అందుకే అంతమంది నమ్మారు. 1831 నుంచి మిల్లర్ బోధించాడు, జాషువా హైమ్స్ అనే పాస్టర్ పత్రికలు పెట్టి ఊరూరా ప్రచారం చేశాడు. అనుచరులు యాభై వేల నుంచి లక్షదాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. మొదట 1844 మార్చి 21 లోపల అన్నారు. అది దాటిపోయాక శామ్యూల్ స్నో అనే బోధకుడు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని లెక్కలోకి తెచ్చి అక్టోబరు 22 అన్నాడు. కొందరు రైతులు ఆ శరదృతువులో బంగాళాదుంపలు తవ్వకుండా పొలంలోనే వదిలేశారు. వాళ్లంతా తెల్ల అంగీలు వేసుకుని కొండలెక్కి కూర్చున్నారని తర్వాత ఎగతాళి కథలు పుట్టాయి గానీ, వాటికి గట్టి ఆధారాల్లేవు. వాళ్లు పిచ్చివాళ్లేం కాదు. బైబిలును శ్రద్ధగా చదివే రైతులు, చిన్న వ్యాపారులు.

తప్పు ఎక్కడుందో అదే అధ్యాయం చెబుతుంది. దానియేలు 8లో పొట్టేలును, మేకపోతును చూపించి, 20, 21 వచనాల్లో వాటి అర్థం కూడా విప్పేస్తారు. పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులు. మేకపోతు గ్రేకుల రాజు. అందుకే చాలామంది పండితులు ఆ దినాలను గ్రీకు పాలకుడు అంతియొకస్ ఎపిఫనీస్ కాలానికి చెందినవిగా చూస్తారు. క్రీ.పూ. 167లో అతను యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేశాడు. మూడేళ్ల తర్వాత అతనిపై తిరగబడ్డ యూదు వీరులు మక్కబీయులు దాన్ని మళ్లీ ప్రతిష్ఠించారు. వచనం పుట్టిన చోటును వదిలేసి సంఖ్యను మాత్రం ఎత్తుకొస్తే ఎంత కచ్చితమైన గణితమైనా ఏం చేస్తుంది?

అక్టోబరు 22 గడిచాక ఏం జరిగిందన్నది ఇంకా ఆసక్తికరం. మిల్లర్ తన పొరపాటును, నిరాశను బహిరంగంగానే ఒప్పుకున్నాడు. కొందరు అనుచరులు మాత్రం తేదీ సరైనదే, సంఘటనే వేరన్నారు. ఆ రోజు క్రీస్తు భూమికి రావడం కాకుండా పరలోకంలోని అతి పరిశుద్ధ స్థలంలో ప్రవేశించాడన్నారు. ఆ పాయలోంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది. 2011లో కాలిఫోర్నియా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ కూడా మే 21 దాటిపోగానే ఆ రోజు ఆత్మీయంగా తీర్పు జరిగిందని చెప్పి, అంతాన్ని అక్టోబరు 21కి జరిపాడు. పొదుపంతా హోర్డింగులకు, ప్రకటనలకు పోసినవాళ్లున్నారు. మరుసటి ఏడాది ఆయనా తప్పు ఒప్పుకున్నాడు. ఖర్చయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు మన గోడమీది చార్టు సంగతి. దాని మూలపురుషుడు జాన్ నెల్సన్ డార్బీ. ఐర్లండ్‌లో ఆంగ్లికన్ గురువుగా ఉండి బయటికొచ్చి, ప్లిమత్ బ్రదరెన్ ఉద్యమంలో ముఖ్యుడయ్యాడు. 1830ల నుంచి ఆయన కట్టిన వ్యాఖ్యానానికి దానియేలు 9లోని డెబ్బది వారములు ఆయువుపట్టు. వారానికి ఏడేళ్ల చొప్పున అరవై తొమ్మిది వారాలు, అంటే 483 ఏళ్లు, క్రీస్తుతో ముగిశాయి. మిగిలిన ఒక్క వారం? అది వాయిదా పడిందన్నాడు డార్బీ. యూదులు మెస్సీయను తిరస్కరించారు కాబట్టి ప్రవచన గడియారం ఆగిపోయింది, మధ్యలో సంఘకాలం వచ్చింది, సంఘం ఎత్తబడ్డాక ఆ చివరి ఏడేళ్లు మొదలవుతాయని సిద్ధాంతం. అరవై తొమ్మిదికీ డెబ్బైకీ మధ్య ఇప్పటికి దాదాపు రెండు వేల ఏళ్ల ఖాళీ. దానియేలు 9లో ఆ ఖాళీని సూటిగా చెప్పే మాట ఒక్కటీ లేదు. ఏడేళ్ల శ్రమలు అనే లెక్క నిలబడింది ముఖ్యంగా ఈ ఖాళీ మీదే. ఇది తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

బ్రదరెన్ ఉద్యమానికీ గోదావరి జిల్లాలకూ నేరుగా లంకె ఉంది. ఆ ఉద్యమపు తొలి నాయకుల్లో ఒకరైన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో ఇంగ్లండ్ నుంచి వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. వాళ్లు వచ్చిన రోజే ఈ చార్టు కూడా వచ్చిందని నేననడం లేదు. ఓడ ఎక్కబోయే ముందు గ్రోవ్స్ డార్బీకి రాసిన ఉత్తరంలో, నీ తోవ మొదట మనం అనుకున్న తోవ కాదని సుతిమెత్తగా మందలించాడు కూడా. అయినా ఈ చార్టు మన గడ్డమీద అంత తేలిగ్గా ఎందుకు పాతుకుందో అర్థం కావాలంటే ఈ చుట్టరికం గుర్తుంచుకోవాలి.

చార్టును ప్రపంచమంతా తిప్పింది 1909లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు. పైన వచనం, అదే పేజీ కింద సైరస్ స్కోఫీల్డ్ వివరణ. ఒకే కాగితం, ఒకే అట్ట. ఏది లేఖనమో, ఏది స్కోఫీల్డ్ అభిప్రాయమో చదివేవాడి మనసులో కలిసిపోవడానికి ఎంతసేపు? యెహెజ్కేలు 38కి ఆయన రాసిన నోట్సులో రష్యా వచ్చి కూర్చుంది. మెషెకు అంటే మాస్కో, తుబాలు అంటే తొబోల్స్క్ అన్నారు. ఉచ్చారణ దగ్గరగా ఉందన్నది తప్ప దీనికి ఆధారం లేదు. అష్షూరు రాజుల శాసనాల్లో ముష్కి, తబల్ అనే జాతులున్నాయి. వాటి నేల ఇప్పటి టర్కీలో ఉంది. పారసీక దేశం పేరు ఆ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. అంతమాత్రాన అది ఇరాన్ క్షిపణుల గురించి రాసిందని తేలిపోదు.

వార్తలు మారినప్పుడల్లా పాత్రలూ మారాయి. 1981 జనవరిలో గ్రీసు చేరికతో యూరోపియన్ ఆర్థిక సమాజం సభ్య దేశాలు పదయ్యాయి. ఇంకేం, ప్రకటన గ్రంథంలో మృగానికున్న పది కొమ్ములు ఇవేనన్నారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండయ్యాయి. ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలు. మిగతా కొమ్ముల గురించి ఎవరూ మాట్లాడరు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది, అది చూసిన తరం గతించకముందే అంతం వస్తుంది, తరమంటే నలభై ఏళ్లు, కాబట్టి 1988 అన్న లెక్క మరొకటి. 1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం దాన్ని అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. 1988లో మాజీ నాసా ఇంజనీరు ఎడ్గర్ విజ్నంట్ ఎత్తబడుటకు ఎనభై ఎనిమిది కారణాలు చూపిస్తూ రాసిన చిన్న పుస్తకం లక్షల్లో పోయింది. మరుసటి ఏడాదికి ఆయన లెక్క సవరించుకున్నాడు.

ఇంతకీ మిగతా క్రైస్తవులు ఎలా చదువుతారు? ఐదో శతాబ్దంలో ఆగస్టీన్ వెయ్యేళ్లను క్యాలెండరు లెక్కగా తీసుకోలేదు, అది క్రీస్తు మొదటి రాకకూ రెండో రాకకూ మధ్య సంఘం నడిచే కాలమన్నాడు. కేథలిక్కులు, ఆర్థడాక్సులు, సంస్కరణోద్యమ సంఘాలు ఎక్కువగా ఈ దారిలోనే నడిచాయి. లూథర్ లాంటి సంస్కర్తలు పోపు పదవినే క్రీస్తు విరోధిగా చూశారు, అది ఇంకో చదువు. "ఇవన్నియు జరుగువరకు ఈ తరము గతింపదు" అన్న యేసు మాటలో చాలా భాగం క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చినప్పుడే తీరిపోయిందనేవాళ్లూ ఉన్నారు. ఎత్తబడుట బోధకు మూలమైన మొదటి థెస్సలొనీకయులకు 4:17ను కూడా ఇంకోలా చదవొచ్చు. మన పెళ్లిళ్లలో ఎదుర్కోలుకు వెళ్లినవాళ్లు పెళ్లికొడుకును తీసుకుని విడిదింటికి తిరిగొస్తారు గానీ, అతనితో పాటు ఊరు విడిచిపోరు కదా. పౌలు చెప్పింది అలాంటి స్వాగతమేనని, తప్పించుకుపోవడం కాదని చాలామంది వేదాంతులు రాశారు.

గుంటూరు కేంద్రంగా ఉన్న మన లూథరన్ సంఘం సంగతి చిత్రంగా ఉంటుంది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన లూథరన్లకు మూల పత్రం. మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోక రాజ్యాన్ని చేజిక్కించుకుంటారన్న బోధను అందులో 17వ అధికరణ నేరుగా తోసిపుచ్చింది. కానీ లూథరన్ ఇంట్లోనైనా, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఇంట్లోనైనా రాకడ గురించి అడిగి చూడండి. తరచూ వినిపించేది డార్బీ వరసే. సంఘం నేర్పింది ఒకటి, సెల్‌ఫోన్ నేర్పింది ఒకటి.

పోనీ, నమ్మితే నష్టమేంటి అనొచ్చు. ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా చెప్పిన 666 విషయంలో నష్టం చూశాం. బార్‌కోడ్ అన్నారు, మైక్రోచిప్ అన్నారు, కోవిడ్ రోజుల్లో టీకా అన్నారు. ఆ వాట్సాప్ మెసేజులు చదివి భయంతో సూదికి దూరంగా ఉన్నవాళ్లున్నారు. నీరో సీజర్ పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి వాటి విలువలు కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో ఆ సంఖ్య 616 అని ఉంది, నీరో పేరుకు లాటిన్ రూపం తీసుకుంటే అదే వస్తుంది. ప్రకటన గ్రంథం చిన్న ఆసియాలోని, అంటే ఇప్పటి టర్కీలోని, ఏడు సంఘాలకు రాసిన ఉత్తరం. అందులో, వాళ్లను నలిపేస్తున్న రోము గురించి గుప్తంగా చెప్పిన మాట అది అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఎఫెసులో, స్ముర్నలో చక్రవర్తి విగ్రహానికి మొక్కనంటే ప్రాణం మీదకొచ్చే మనుషులు దాన్ని చదువుకుని ధైర్యం తెచ్చుకున్నారు. వాళ్లకు టీకా గురించి రాస్తే ఉపయోగమేంటి?

రెండో నష్టం రాజకీయం. అమెరికా రాయబార కార్యాలయాన్ని యెరూషలేముకు మార్చిన 2018 మే 14న ముగింపు ప్రార్థన చేసింది పాస్టర్ జాన్ హేగీ. క్రైస్తవులను ఇజ్రాయెల్ పక్షాన కూడగట్టే పెద్ద సంస్థను నడిపేది ఆయనే. ఈ చార్టు ప్రకారం ఇజ్రాయెల్ విస్తరణ ప్రవచన నెరవేర్పు. కాబట్టి ఆ నేలమీద ఎవరుంటారు, ఎవరు పోతారు అన్న ప్రశ్నే రాదు. 2009లో పాలస్తీనా క్రైస్తవ నాయకులు కైరోస్ పాలస్తీనా పేరుతో ఒక పత్రం విడుదల చేసి, ఆక్రమణను సమర్థించే వేదాంతం క్రైస్తవ బోధకు దూరమైనదని తేల్చి చెప్పారు. బేత్లెహేములో లూథరన్ సంఘం ఉంది. మన గుంటూరు సంఘమూ, వాళ్ల సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యలో సభ్యులే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో యెరూషలేము యాత్ర సాయాన్ని 3 లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవాళ్లకు 40 వేల నుంచి 60 వేలకు పెంచింది. అలా వెళ్లే మనవాళ్ల బస్సు బేత్లెహేముకు పోవాలంటే గోడ దాటాలి, చెక్‌పోస్టు దాటాలి. గోడకు అవతల క్రిస్మస్ తారలు, ఒలీవ చెక్క బొమ్మలు అమ్మే దుకాణదారుల్లో చాలామంది అరబ్బీలో ప్రార్థన చేసుకునే క్రైస్తవులే. యాత్ర నుంచి తిరిగొచ్చి చెప్పే సాక్ష్యాల్లో గలిలయ సముద్రం ఉంటుంది, యొర్దాను నది ఉంటుంది, హార్మెగిద్దోను మైదానం తప్పకుండా ఉంటుంది. ఆ దుకాణదారు ఏ సంఘం వాడో, రాకడ గురించి ఏమనుకుంటాడో అడిగొచ్చినవాళ్లు నాకింకా తగల్లేదు.