శ్లోకం మనది, తూకపురాళ్లు ఎవరివి?

విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు ఇప్పుడొక ముస్తాబు వచ్చింది. మొదటి అధ్యాయం ఉపనిషత్ వాక్యంతోనో, గురుకుల వైభవంతోనో తెరుచుకుంటుంది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి పిల్లల చేతికి 1965 నాటి అమెరికా ప్రశ్నావళి వస్తుంది. భారతీయ జ్ఞాన సంప్రదాయాలకు కనీసం 5 శాతం క్రెడిట్లు ఉండేలా చూడాలని 2023లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది కనుక శ్లోకాలకు గిరాకీ ఉండటం వింతేమీ కాదు. తూకపురాళ్లు మాత్రం మారలేదు.

ఆ ప్రశ్నావళి న్యూయార్క్ రాష్ట్ర హైస్కూలు విద్యార్థుల కోసం సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ తయారు చేసినది. పది వాక్యాలు: అయిదు తన గురించి మంచిగా, అయిదు చెడుగా. అది కొలిచేది ‘సెల్ఫ్ ఎస్టీమ్’, అంటే తన విలువ మీద తనకున్న భావన. దాన్ని తెలుగులో ‘ఆత్మగౌరవం’ అనేస్తున్నారు. 1982 ఎన్టీఆర్ సభల నుంచి తెలంగాణ ఉద్యమం దాకా ఆ మాట ఏ అర్థంలో మోగిందో తెలియని వారా వీరు? ‘నాలో చాలా మంచి గుణాలున్నాయి’ అన్న వాక్యం దగ్గర ఏడో తరగతి అమ్మాయి జంకుతుంది. సొంత డబ్బా కొట్టుకోకూడదని ఇంట్లో నేర్పారు మరి. పరిశోధకుడి లెక్కలో ఆమెది ‘తక్కువ స్థాయి’. ‘నన్ను నేను ఇంకాస్త గౌరవించుకోగలిగితే బాగుండు’ అన్న ఎనిమిదో వాక్యం ఇంకా ఘోరం. అక్కడది లోపానికి గుర్తు, మన పిల్లవాడికి మంచి కోరిక. ఒప్పుకున్నాడో, మార్కు పోయినట్టే. చైనీస్ అనువాదాల్లోనూ ఈ వాక్యం మిగతా తొమ్మిదితో పొసగలేదని ఏనాడో తేలింది. ఇక ‘నేను ఎందుకూ పనికిరానని ఒక్కోసారి అనిపిస్తుంది’ పక్కన ‘అంగీకరించను’ అని ఉంటే కాదుకు కాదు తోడై పిల్లలు తలకిందులుగా టిక్కు పెడతారు. వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే ఆల్ఫా విలువ పడిపోతుంది. అప్పుడు ఆ వాక్యాలను గుట్టుగా పీకేసి, సరే అనిపించుకునే 0.7 దాటించి, గైడుకు చూపిస్తారు.

ఒకే కొలత లేకపోతే దేశాల మధ్య పోలిక కుదరదని కొందరంటారు. నిజమే. కానీ ఆ కొలత ఎవరి ఒంటి మీద కుట్టిందో చూడాలి కదా. మనస్తత్వశాస్త్రంలోని ఆరు అగ్ర అమెరికన్ పత్రికలను వడపోసి 2008లో మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ లెక్క చెప్పారు: అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికన్లే.

అనువాదాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి సరిచూశామన్నది గైడ్లు చెప్పే సమాధానం. ‘ఆత్మగౌరవం’ ఆ పరీక్షలో దర్జాగా నెగ్గుతుంది, అర్థం మాత్రం దారిలోనే జారిపోతుంది. పది పదిహేను మంది పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ‘ఈ వాక్యం నీకేమర్థమైందో నీ మాటల్లో చెప్పు’ అని అడిగితేనే బండారం బయటపడుతుంది. కోనసీమలో ఒకసారి, ఉట్నూరు గోండు గూడెంలో మరోసారి అడగాలి. రెండు మూడు వారాల పని. శ్లోకం వెతకడానికి అంతకన్నా తక్కువే పడుతుంది కాబోలు.

ఆసియా దృక్పథం ఎలా ఉంటుందో జపాన్ బళ్లలోని ‘జుగ్యో కెన్‌క్యూ’ (పాఠ పరిశీలన) చూస్తే తెలుస్తుంది. టీచర్లు కలిసి ఒక్క పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు. మిగతావారు తరగతిలో నిలబడి పిల్లల నోటుపుస్తకాల్లో ఎక్కడ లెక్క తప్పుతోందో రాసుకుంటారు. నల్లబల్ల మీద రాసినది చివరిదాకా చెరపరు, పిల్లల ఆలోచన నడిచిన దారి అక్కడ కనబడాలి కనుక. అందులో బౌద్ధ సూక్తుల ముస్తాబు లేదు, పని ఉంది. మన దగ్గర మాత్రం వెనక బెంచీలో కూర్చుని టీచరుకు మార్కులు వేసి పోతారు. అది తనిఖీ.

మొదటి అధ్యాయంలో ఉపనిషత్తు, గ్రంథం చివరి అనుబంధంలో న్యూయార్క్ ప్రశ్నావళి: దీనికి సంతకం పెట్టే గైడ్లు ఆ అనుబంధాన్ని ఒక్కసారైనా తెలుగులో పైకి చదివారా? వచ్చే వైవాకు కూర్చునే పరీక్షకులు ముందు దాన్నే తిరగేయాలి. పిల్లల చేత చదివించి చూసిన రుజువు లేకపోతే ఉపనిషత్తుతో సహా వెనక్కి పంపండి.