క్రిస్మస్ బట్టలకు ముందు అడగాల్సింది: నూటికి ఎన్ని రూపాయలు?

క్రిస్మస్ ఖర్చు చేయి దాటిపోతోందని ప్రతి డిసెంబర్‌లో వినేదే. దానికి లిస్టు రాసుకోండి అని సలహా ఇస్తారు. మన ఇళ్లల్లో లిస్టు లేనిదెక్కడ? పిల్లలకు రెండేసి జతలు (పండక్కి ఒకటి, జనవరి ఒకటో తేదీకి ఇంకోటి), అమ్మకు చీర, ఊరి నుంచి వచ్చే ఆడబిడ్డకు, అల్లుడికి పెట్టుబడి బట్టలు, అన్నదమ్ముల పిల్లలకు ఏదో ఒకటి. అంతా రాసి కూడేశాకే డబ్బు కోసం చూస్తాం, అక్కడే వస్తుంది చిక్కు. ముందు చూసుకోవాల్సింది శెనక్కాయలో, ఆదోని యార్డులో పత్తో అమ్మగా వచ్చిన దాంట్లో పాత బాకీలు, కూలీలు పోగా ఎంత మిగిలిందని. జీతగాళ్లయితే అద్దె, స్కూలు ఫీజు, ఆ వెంటనే వచ్చే సంక్రాంతి చుట్టాల ఖర్చు పక్కన పెట్టాక ఎంతుందని. ఆ అంకె కింద గీత గీసి, ఆ తర్వాత పేర్లు రాయండి.

ఏడాదికోసారి వచ్చే పండగ, పిల్లల్ని పాత బట్టలతో చర్చికి పంపమంటారా అని కొందరికి కోపం వస్తుంది. పంపమనట్లేదు, ఒక జత కొనండి. 25న వేసింది ఉతికి 31 రాత్రి చర్చిలో జరిగే వాచ్‌నైట్‌కు మళ్లీ వేస్తే పాస్టరుగారు గేటు దగ్గర ఆపుతారా? పెద్దవాళ్ల సంగతి ఇంకా తేలిక. నలుగురు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు కలిసి ఎనిమిది మంది. ఒక్కొక్కరు మిగతా ఏడుగురికీ కొంటే 56 గిఫ్టులు, యూత్ పిల్లలు ఆడే క్రిస్మస్ ఫ్రెండ్ లాగా పేర్ల చీటీలు తీసి, వచ్చిన ఒక్కరికే కొంటే ఎనిమిదే.

కానీ అసలు గొడవ గిఫ్టుల దగ్గర లేదు, అప్పు దగ్గరుంది. మన సీమలో వడ్డీ అంటే నెలకు నూటికి ఎన్ని రూపాయలనే లెక్క. రెండు రూపాయల వడ్డీకి తెచ్చానంటే అయ్యో అంటాం, మూడంటే ఇచ్చినవాణ్ణి తిడతాం. అదే మనం కడప వైవీ స్ట్రీట్‌లోనో ప్రొద్దుటూరులోనో కార్డు గీకి దర్జాగా బయటికొస్తాం, దాని మీద బాకీ ఉంచితే చాలా కార్డులకు నూటికి మూడున్నర రూపాయలో అంతకన్నా ఎక్కువో పడుతుందని తెలీకుండానే. మూడున్నరంటే ఏడాదికి 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ! పండక్కి గీకింది 20,000 అనుకోండి. బాకీలో 5 శాతం లెక్కన మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 1,000 కట్టి హమ్మయ్య అనుకుంటాం. అందులో నెల వడ్డీ 700, జీఎస్టీ 126 పోతే అసలులో తగ్గేది 174 రూపాయలు. బాకీ పూర్తిగా తీర్చేదాకా ఆ కార్డుతో కొత్తగా ఏది కొన్నా, పాల ప్యాకెట్ అయినా సరే, కొన్న రోజు నుంచే వడ్డీ.

వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాల్లో కట్టొచ్చనే నో కాస్ట్ ఈఎంఐ ఉందిగా అంటారా? సున్నా వడ్డీ అనేదే లేదని 2013లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. రొక్కం ఇచ్చేవాడికి వచ్చే తగ్గింపు మీకు రాకుండా పోవడమో, ప్రాసెసింగ్ ఫీజో, ఏదో ఒక దారిలో ఆ వడ్డీ వసూలవుతుంది.

ఊళ్లో వడ్డీకిచ్చేవాడి రేటు ఊరంతటికీ తెలుసు. కొట్లో కౌంటరు పక్కన ఓటీపీ అడిగి రెండు నిమిషాల్లో లోన్ చేసే కుర్రాడి రేటు పక్కన నిలబడ్డవాడికి కూడా తెలీదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి లోన్లకు అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటును అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని రూల్ ఉంది. తెలుగులో ఆ కాగితం మీ చేతికి ఎప్పుడైనా వచ్చిందా? పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రో ఫైనాన్స్ కంపెనీల గొడవల తర్వాత మన రాష్ట్రం తెచ్చిన చట్టం అయితే, వడ్డీ రేటును జనానికి కనపడేలా పెద్ద అక్షరాల్లో రాసి పెట్టమంది. డ్వాక్రా అక్కచెల్లెళ్లకు అప్పులిచ్చే ఆఫీసుకు పెట్టిన ఆ బోర్డు షరతు, ఏసీ షోరూమ్‌లోని ఈఎంఐ టేబుల్‌కు ఎందుకు వద్దు? నాకైతే పండగ కానుకల కంటే ముందు ప్రభుత్వం ఇవ్వాల్సింది ఆ బోర్డే అనిపిస్తుంది.

అది వచ్చేదాకా మనమే అడగాలి, "నూటికి ఎన్ని రూపాయలు బాబూ?" అని. సూటిగా చెప్పకుండా నసిగితే కార్డు లోపల పెట్టేసి, పర్సులో ఉన్న నోట్లకు ఎన్ని జతలొస్తే అన్నే ప్యాక్ చేయమనండి.