సవరణ: కన్యాశుల్కం సినిమా, పూర్ణమ్మ పాట

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం ఆధారంగా తీసిన 1955 నాటి చిత్రం గురించి నిన్న రాసిన వ్యాసంలో ‘గురజాడ నాటకంలోని పూర్ణమ్మ పాట’ అన్న మాట ఉంది. దాన్ని ‘గురజాడ రాసిన పూర్ణమ్మ గేయం’ అని చదువుకోవాలి. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ నాటకంలో ఎక్కడా లేదు. అది విడిగా రాసిన కథాగేయం. ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్ల వ్యథ అది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మజూపే నాటక కథకు అంతకన్నా దగ్గరి పాట దొరకదు. అందుకే సినిమాలో ఆ గేయాన్ని చేర్చడం నాకు ఎంతో ఇష్టం. మూలంలో లేదని తీసిపారేయవలసినది కాదు. అదే చిత్రంలోని ‘ఆనందం అర్ణవమైతే’ శ్రీశ్రీ కవిత, గురజాడది కాదు.

ఇంకొక వివరణ. నాటకాన్ని 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది మాత్రం గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 కూర్పు. నాటకంలోని వేశ్య పాత్ర మధురవాణి ఇంత నిండుగా కనిపించేది ఇందులోనే. తెరమీద సావిత్రి పోషించిన మధురవాణిని పోల్చి చూడాలనుకునేవారు ఈ రెండో కూర్పునే దగ్గర పెట్టుకోవాలి.