గోడ గడియారం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మా హాల్లోని గోడ గడియారం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ వెనక కాపురముంటున్న బల్లి కూడా క్షేమమే.

దేశానికంతటికీ టైము లెక్క కట్టే 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి మా వైపు మీకు కాస్త పొగరెక్కువ. అలాంటి మిమ్మల్ని కూడా మా నాన్నగారు, బస్సు తప్పిపోకూడదని, పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టారు. ఇంటిల్లిపాదికీ పది తీసేసి చూడటం అలవాటైపోయింది. బస్సు మామూలుగానే తప్పిపోయేది.

అది పాత సంగతి. నా ఫిర్యాదు వేరే.

ఆమధ్య మా ఆవిడకి ఆపరేషన్ అయింది. "ఒక్క గంటండీ" అన్నారు డాక్టరు గారు. థియేటర్ బయట గోడ మీద మీ తమ్ముడొకడున్నాడు. రెండుంబావుకి తలుపులు మూశారు. ఆవిడ గాజులూ పుస్తెలతాడూ నా కర్చీఫులో మూటకట్టి ఇచ్చారు. మూట విప్పి గాజులు లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. పక్క బెంచీ ఆయన షుగరు కథంతా విన్నాను. ముప్పయ్యేళ్ల కాపురంలో మేం పడ్డ పోట్లాటలన్నీ మళ్లీ ఒకసారి వేసుకుని, అన్నిట్లోనూ నేనే ఓడిపోయాను. తలెత్తి చూస్తే రెండూ ఇరవై ఒకటి. ఆరు నిమిషాలు! మీ వాడి సెకన్ల ముల్లు అడుగేసే ముందు ఒక్కసారి వణికి వెనక్కి చూస్తోంది, నేను కళ్లారా చూశాను.

మూడుంబావుకి తలుపు తీశారు. డాక్టరు గారి మాట పొల్లుపోలేదు. అబద్ధమాడింది మీ వాడే.

నా భ్రమంటారా? 2007లో అమెరికాలో డేవిడ్ ఈగిల్‌మన్ అనే శాస్త్రవేత్త, మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి వదిలి చూశారు. పక్కవాళ్లు పడినదానికంటే తాము పడింది సగటున 36 శాతం ఎక్కువసేపని చెప్పారు వాళ్లు. అలాగని ఆ కాసేపూ లోకం నెమ్మదించి కనబడిందా అంటే, అదీ లేదట. భయంలో బుర్ర ప్రతి చిన్నదీ రాసిపెట్టుకుంటుంది, తర్వాత తిరగేస్తే చిట్టా లావుగా ఉంటుందని ఆయన వివరణ. నాకు ఆ ఎనిమిది గాజులూ గుర్తుండటం అందుకే కాబోలు.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడో? భోగిమంట ఆరకముందే కనుమ వెళ్లిపోయింది. అప్పుడు మీ ముల్లు వణకలేదేం?

మీ వంశంలో ఇది కొత్త కాదులెండి. కూతురు రేవతికి సంబంధం అడుగుదామని రైవతుడు బ్రహ్మ కొలువుకి వెళ్లాడు. అక్కడ గంధర్వుల పాట నడుస్తోంటే అయ్యేదాకా ఆగాడు. ఆ కాస్తలో కింద 27 మహాయుగాలు అయిపోయాయి. అనుకున్న పెళ్లికొడుకులే కాదు, వాళ్ల మునిమనవలూ మిగల్లేదు. ఆసుపత్రిలో పాట పెట్టి ఉంటే నాకూ కొంత కలిసొచ్చేది.

విన్నపం ఏమిటంటే, పై వారం అమ్మాయి వస్తోంది. నాలుగు రోజులే సెలవు. తను గుమ్మంలో అడుగు పెట్టగానే మీ వీపులో సెల్లు తీసి డ్రాయర్లో పడేస్తాను. బల్లిని కదపను. తిరుగు రైలుకి ఫోన్లో టైము చూసుకుంటాం.

ఇట్లు,
మీకంటే ఎప్పుడూ పది నిమిషాలు వెనకుండే
ఇంటాయన