బార్ఖోర్ వీధి గారికి

మహారాజశ్రీ టిబెట్‌లోని లాసా బార్ఖోర్ వీధి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమాన్ని మీ కెమెరాలు కనిపెట్టుకునే ఉంటాయి.

జోఖాంగ్ బౌద్ధ గుడి లోపలి ప్రదక్షిణ నంగ్‌ఖోర్, పాత ఊరంతా చుట్టి వచ్చేది లింగ్‌ఖోర్, నడుమ కిలోమీటరు మేర మీరు. పుణ్యక్షేత్రాన్ని బజారు చేశారని మిమ్మల్ని ఆడిపోసుకునే వాళ్లను పట్టించుకోకండి. యాత్రికుడు వచ్చాక దీపానికి వెన్న, ఒంటికి ఉన్ని రాకుండా ఉంటాయా? నేపాల్ నెవారీలు, కాశ్మీరీ ముస్లింలు ఏనాడో మీ దగ్గర కొట్లు పెట్టారు.

పైగా మీ ఏర్పాటు అద్భుతం. అందరూ గుడిని కుడిచేతి వైపు ఉంచుకునే నడవాలి. పగడాల దండ బేరం తెగక పదడుగులు వేసి, ‘అయ్యో, ఇచ్చేయాల్సింది’ అని నాలుక్కరుచుకున్నవాడు వెనక్కి తిరిగితే జనానికి ఎదురు. చుట్టంతా తిరిగి ఆ కొట్టుకే రావాలి. అప్పనంగా ఒక ప్రదక్షిణ!

2000లో జోఖాంగ్‌కి యునెస్కో గుర్తింపు వచ్చింది. తర్వాత పదేళ్లు దాటాక మీ బండల మీది చిన్న కొట్లను ఎత్తి మాల్‌లో పెట్టారు. ఖాళీ అయిన చోటు దేవుడిదే అనుకున్నాం. అద్దె దుస్తుల ఫొటోలదట. ఒక ముసలమ్మ చేతులకు చెక్కలు తొడుక్కుని, తోలు గుడ్డ నడుముకు కట్టుకుని, బండల మీద బారుగా జారి, నుదురు ఆనించి లేస్తుంది. నుదుటి మీద దుమ్ము మచ్చ. పక్కనే చుబా అనే టిబెటన్ పొడుగు అంగీ అద్దెకు వేసుకుని ఒక పిల్ల. ‘కాస్త భక్తిగా చూడమ్మా’ అంటాడు ఫొటోగ్రాఫరు. ముసలమ్మకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

తనిఖీ ద్వారాల సంగతి అడగను. 1987లో సన్యాసులు టిబెట్ జెండా పట్టుకుని మీ చుట్టూ ప్రదక్షిణే చేశారు. 1989లో, 2008లో మళ్లీ జనం గొంతెత్తారు. తిరిగేవాడెవడో తిరగబడేవాడెవడో చైనా సర్కారువారికి తెలియాలి కదా. అందుకే పుణ్యానికీ గుర్తింపు కార్డు.

పోయిన చలికాలం మా ఊళ్లో స్వెట్టర్లమ్మే టిబెటన్ ఆవిడ దగ్గర బేరం కుదరక లేచాను. మిమ్మల్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు, వాళ్ల నానమ్మ చెప్పగా వినడమే. ‘ఒక చుట్టు తిరిగి రా భయ్యా, మళ్లీ ఇక్కడికే వస్తావ్’ అంది.

వచ్చాను.

ఇట్లు,
స్వెట్టరు కొన్నవాడు